రత్నం పంపిన కబురు

హైమావతి గారు తన దగ్గర నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళ ఫోను ముట్టుకోరు. ముప్పై ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరైన ఆవిడ, మా ఊరి గ్రంథాలయంలో రోజూ మధ్యాహ్నం మూడింటికి కూర్చుని, ఫోను వాడడం రానివాళ్ళకి ఉచితంగా నేర్పుతారు. ఎంత బతిమాలినా ఫోను చేతిలోకి తీసుకోరు. "ఇక్కడ నొక్కండి" అని వేలితో గాలిలో చూపిస్తారంతే.

ఆవిడ దగ్గర శిష్యుడిగా చేరినవాడు సత్తిరాజు. అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాక ఫోటో స్టూడియో మూసేసుకున్న మనిషి. అలాంటివాడు ఫోన్లు నేర్పడానికి వస్తే, పగ ఎలా తీర్చుకుంటాడో చూద్దామని మేమంతా ఆసక్తిగా ఉన్నాం. అతను మాత్రం మంచివాడు. మంచివాళ్ళతో చిక్కల్లా వాళ్ళ తొందరే. నాలుగో రోజునే అడిగాడు: "మనం చేసిపెడితే నిమిషంలో అయ్యే పనికి ఇన్ని రోజులెందుకండీ?"

హైమావతి గారు, "రత్నం పక్కన కూర్చోండి. చేతులు జేబుల్లో పెట్టుకోండి" అన్నారు.

నూకరత్నం పిండిమర నడుపుతుంది. తొమ్మిదేళ్ళ క్రితం వాళ్ళమ్మ పోయినప్పుడు, ఫోను చేయడం రాక, యలమంచిలిలో ఉన్న చెల్లెలు మాణిక్యానికి కబురు చెప్పమని ఇంకొకరిని పురమాయించింది. ఆ ఇంకొకరు భోంచేసి, కునుకు తీసి, సాయంత్రం చెప్పారు. చెల్లెలు వచ్చేసరికి అంతా అయిపోయింది. ఆ రోజు నుంచి అక్కాచెల్లెళ్ళకి మాటల్లేవు.

ఇన్నాళ్ళకి రత్నం క్షమాపణ అడగాలనుకుంది. బస్టాండు దగ్గర నెట్ సెంటరుకి వెళ్తే, అక్కడి కుర్రాడు "చెప్పు పిన్నీ, నేను కొట్టేస్తా" అన్నాడు. నేర్పమంటే తీరిక లేదన్నాడు. నాకు ఫోను వచ్చు కాబట్టి నా దగ్గరికే వచ్చేది. కానీ అంతకుముందు వాళ్ళబ్బాయి సంబంధం తప్పిపోయిందన్న మెసేజ్ నేనే చదివిపెట్టాను. ఆమె ఇల్లు చేరేలోపు ఆ సంగతి ఊరంతా చేరింది. నిజానికి నేను చెప్పింది ముగ్గురికే.

"ఈసారి మాట నా వేళ్ళతోనే పోవాలమ్మా" అంది రత్నం హైమావతి గారితో.

పోయింది, పదకొండు రోజులకి. మర స్విచ్చి నొక్కినంత బలంగా అక్షరాలు నొక్కేది. రెండుసార్లు రాసిందంతా చెరిపేసుకుంది. పిండి అంటిన వేలికి ఫోను పలక్కపోతే, చీర చెంగుకి తుడుచుకుని మళ్ళీ మొదలుపెట్టేది. పక్కన సత్తిరాజు జేబుల్లో పిడికిళ్ళు బిగించుకుని చెమటలు కక్కాడు. నేను ఎదురుగా పేపరు చదువుతూ కూర్చున్నాను, పదకొండు రోజులూ ఒకే పేజీ.

పంపిన మర్నాడు ఆమె అక్కడే ఉండగా ఫోను టింగుమంది. మాణిక్యం పేరు కనబడగానే రత్నం ఫోను సత్తిరాజు ముందుకి తోసింది. "తమ్ముడూ, నువ్వే తెరిచి చదవవా. ఏం తిట్టిందో. నావల్ల కాదు" అంది.

సత్తిరాజు చెయ్యి జేబులోంచి సగం బయటికి వచ్చింది. కాసేపు అక్కడే ఆగి, మళ్ళీ లోపలికి పోయింది. "నీ చెల్లెలు నీకు రాసిందక్కా. నువ్వే చూడు" అని కిటికీ వైపు తిరిగాడు. హైమావతి గారు లేచి పుస్తకాల బీరువా వైపు తిరిగారు. ఇద్దరూ అలా తిరిగాక నేనొక్కదాన్నీ చూస్తూ ఉంటే బాగుండదని పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాను.

తరవాత ఎవరో ముక్కు ఎగబీల్చారు. నేను పేపరు దించేసరికి రత్నం గుమ్మం దాటుతోంది. ఒక చెప్పు తనది, ఒకటి సత్తిరాజుది.

తెల్లారి పిండిమర తెరవలేదు. మొదటి బస్సులో కిటికీ పక్కన రత్నం కూర్చుని ఉంది, ఒళ్ళో జంతికల డబ్బా పెట్టుకుని. "ఎక్కడికే?" అంటే "పనుంది" అంది. ఇంకొక్క మాట రాలలేదు. ముఖం మాత్రం తలంటు పోసుకున్నదానిలా తేటగా ఉంది.

ఆ మధ్యాహ్నం సత్తిరాజు ఉండబట్టలేక, "ఇంతకీ చెల్లెలు ఏం రాసిందంటారు?" అని అడిగాడు. నేను కుర్చీ కాస్త ముందుకి లాక్కున్నాను.

"నాకు తెలీదు" అన్నారు హైమావతి గారు. "మీకూ తెలీదు." ఒకసారి నావైపు కూడా చూసి, సత్తిరాజుతో అన్నారు:

"బాగానే నేర్పాం."