అడగ్గానే ఇచ్చారని

ఓబులేశుకు అడిగినంత జీతం ఇస్తామన్నారు. ఆ దిగులుతోనే తెల్లవారుజామున బస్సు దిగి, మస్తాన్ సాహెబ్ ఉండే దర్గా కొండ ఎక్కాడు.

ఎటు చూసినా మంచు. పైన గుమ్మటం కనిపిస్తోంది గానీ కింద గోడలున్నట్టే లేవు. ఊదు పొగ ఎక్కడ ఆగి మంచు ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. ఆ మసకలో అరుగు మీద సాహెబ్ కూర్చుని ఉన్నాడు. ఓబులేశు చిన్నప్పటినుంచీ ఆయన శిష్యుడే.

"కొత్త ఉద్యోగమొచ్చెనంట గదా. మొగమేంటికి అట్లుండాది?"

ఓబులేశు చెప్పుకొచ్చాడు. హైదరాబాదులో చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ. వచ్చే బస్సేదో చూపులేనివాళ్లకు ఫోనే చెప్పేలా చేయడం వాళ్ల పని. ఇంటర్వ్యూలో మాట్లాడుతూ మాట్లాడుతూ అతను ఒళ్లు మరిచిపోయాడు. ఇన్నేళ్లూ ఎదురుచూసింది ఇలాంటి పని కోసమే. జీతమెంత కావాలని యజమానురాలు వైదేహి అడిగింది. చెప్పాడు. ఆవిడ ముఖం వెలిగిపోయింది. వెంటనే సరేనంది.

అక్కడే వచ్చింది తంటా. "అంత తొందరగా ఒప్పుకున్నారంటే ఇంకా ఇచ్చేవాళ్లేరా, పిచ్చోడా!" అని స్నేహితులు నవ్వారు. ఆ మాట చెవిలో జోరీగై కూర్చుంది. ఆఫర్ లెటర్ పట్టుకుని ఇంకో కంపెనీకి వెళ్లాడు, ఈ రోజుల్లో అందరూ చేసే పనే. వాళ్లు ఎక్కువిస్తామన్నారు. అక్కడ చేయాల్సిన పనేమిటో మాత్రం అతను సరిగ్గా వినను కూడా లేదు.

"ఈ సాయంత్రంలోగా వైదేహి మేడంకు రానని చెప్పేయాల సామీ. మోసపోయినట్టుండాది నాకు."

సాహెబ్ అరచేతులు రుద్దుకుంటూ, "చలి నాయనా. నీ శాలువ నాకిస్తావా?" అన్నాడు.

పాత ఉద్యోగంలో మొదటి జీతంతో ముచ్చటపడి కొనుక్కున్న ఉన్ని శాలువ అది. ఓబులేశు ఆలోచించలేదు. తీసి ఆయన భుజాల నిండా కప్పి, అంచులు సర్దాడు. సాహెబ్ తనని ఏదైనా అడగడం ఇదే మొదలు. అతని కళ్లు చెమర్చాయి.

సాహెబ్ మొహం వేలాడేశాడు. "అయ్యో, అడగంగానే ఇచ్చేస్తివే! చొక్కా గూడా అడిగింటే ఇచ్చేటోడివేమో. మోసపోతి."

ఓబులేశు మనసు చివుక్కుమంది. "అట్లంటారేంది సామీ! అడిగింది మీరని, సంతోషంగా ఇచ్చినా గదా!"

అనేశాక తన మాట తనకే వినిపించింది. చలిలో అలాగే నిలబడిపోయాడు.

కొండ కింద ఊరు మెల్లగా మంచులోంచి బయటపడుతోంది. సాహెబ్ శాలువను మెడదాకా లాక్కుని కళ్లు మూసుకున్నాడు.

"వెచ్చగుండాది," అన్నాడు.