తేనె లేని వసకొమ్ము

అనగనగా ఒక రాజుగారు. పేరు చిత్రరథుడు. ఇచ్చిన మాట పెదవి దాటి గడ్డం చేరేలోగా మరచిపోవడంలో ఆయనకు ఆయనే సాటి.

ఆ రాజ్యంలో కొండ అంచున కోనమ్మ ఉండేది. ఆకులూ వేళ్ళూ నూరి మందులిచ్చేది. ఆమె మగడు ఈరన్న తేనె తీసేవాడు. అతని చేతులు ఎప్పుడూ ఇప్పపూల తేనె వాసన వేసేవి. ఒకనాడు భటులు ఎవరో దొంగ అనుకొని ఈరన్నను చెరలో వేశారు. కోనమ్మ పరుగున వెళ్ళి మొరపెట్టుకుంది.

"అయ్యో, పొరపాటు జరిగింది. రేపే విడిపిస్తాను" అన్నారు రాజుగారు. అని, మరచిపోయారు.

మళ్ళీ వెళ్ళి అడిగింది.

"ఏం చేయనమ్మా, మతిమరుపు. నీ దగ్గర మందుంటే పెట్టు" అన్నారు.

సరేనని సరస్వతి ఆకు పచ్చడి చేసి పెట్టింది. రాజుగారు వేళ్ళు నాక్కుంటూ రోజూ తిన్నారు. కొన్నాళ్ళకు మగడి సంగతి ఎత్తితే, "నీకు పెళ్ళెప్పుడైందమ్మా?" అన్నారు.

కోనమ్మ పళ్ళు కొరుక్కుంది. ఈసారి చంటిపిల్లల నాలుకకు రాసే వసకొమ్ము తెచ్చింది. సానరాయి మీద అరగదీసి, ఇంట్లో మిగిలిన ఈరన్న తేనెలో రంగరించి నాకించింది. మాటలు రాని పసివాళ్ళకు మాటలు తెప్పించే మందాయె. ఇంకేముంది, పొద్దు పొడిచింది మొదలు పొద్దు గూకేదాకా రాజుగారు ఒకటే మాటలు. పట్టపుటేనుగు గురించి, పాయసంలో తగ్గిన ఏలకుల గురించి, చిన్ననాడు పెంచిన చిలుక గురించి. ఈరన్న ఊసు మాత్రం లేదు.

"నా ఖర్మ" అని తల పట్టుకుంది కోనమ్మ. అప్పుడు తట్టింది. చిన్ననాటి చిలుకను మరవని మనిషికి మొన్న ఇచ్చిన మాట ఎలా మరుపొచ్చింది?

మూడోసారి వట్టి వసకొమ్మే అరగదీసి నాలుకకు రాసింది. రాజుగారి ముఖం ముడుచుకుపోయింది.

"చేదమ్మా. తేనె ఏది?"

"అయిపోయింది ప్రభూ. తీసేవాడు లేడు."

"లేకపోవడమేమిటి? ఈరన్న మన తూర్పు చెరలో, చివరి గదిలో ఉన్నాడుగా. ఎవరక్కడ, తక్షణం విడిపించండి."

కోనమ్మ సానరాయి కడిగి సంచిలో వేసుకుంది.

"పేరూ గుర్తే, గదీ గుర్తే. ఇన్నాళ్ళూ నా ఆకులు దండగ చేశాను ప్రభూ" అంది.

రాజుగారు తల ఎత్తలేకపోయారు.

ఆ సాయంత్రం ఈరన్న ఇల్లు చేరాడు. అతని చేతులకు తేనె వాసన పోయింది. అయినా కోనమ్మ ఆ చేతులు పట్టుకొని చాలాసేపు వదల్లేదు.

పిల్లలూ, మరుపుకు మందుంది గాని, పట్టనితనానికి లేదు.