సేనాని వెనక నడిచిన బీరన్న

మేడిగుట్ట సంస్థానంలో ఏటా ఒక పోటీ జరిగేది. వందమంది ఎర్రరంగు నీళ్ల సంచులతో అడవిలోకి దిగి, ఒకరిమీద ఒకరు విసురుకోవాలి. డప్పులవాళ్లు చుట్టూ వలయం కట్టి, అంతకంతకూ లోపలికి జరుగుతూ వస్తారు. ఒంటిమీద రంగు పడినా, వలయం దాటినా ఓడినట్టే. చివరికి మిగిలినవాడికి గుట్టమీది పచ్చిక ఏడాదిపాటు దక్కుతుంది.

తొమ్మిదేళ్లుగా ఆ పచ్చికలో సేనాని వీరమల్లుడి గుర్రాలే మేస్తున్నాయి. ఊళ్లో గొర్రెలు ఎండుటాకులు నమిలి బక్కచిక్కిపోయాయి. అందుకే ఈసారి ముసలి కాపరి బీరన్న పోటీకి పేరిచ్చాడు.

"పరుగెత్తలేవు, నీకెందుకు తాతా!" అని సేనాని పగలబడి నవ్వాడు.

వలయం జరిగినప్పుడల్లా పొదల్లో దాక్కున్నవాళ్లు బయటికి రాక తప్పలేదు. వచ్చినవాణ్ణి వచ్చినట్టే సేనాని రంగులో ముంచేశాడు. పొద్దు వాలేసరికి ఎదుట ఎవరూ మిగల్లేదు. గెలిచానని చేతులెత్తాడు.

వీపుమీద చల్లగా ఏదో పడింది. తిరిగి చూస్తే బీరన్న!

"ఇంతసేపూ ఎక్కడ దాక్కున్నావు?"

"దాక్కోలేదు దొరా. పొద్దుట్నుంచీ మీ వెనకాలే నడుస్తున్నా. మీరు ఊడ్చేసిన చోట నన్ను కొట్టేవాడు ఎవడుంటాడు?"

"అడుగుల చప్పుడైనా వినబడలేదే!"

"డప్పుల మోతలో ఏం వినబడుతుంది? మీరేమో ఒక్కసారీ వెనక్కి చూడలేదు. మందను మేం తోలేది ఎప్పుడూ వెనక నుంచే దొరా."

సేనాని వీపుమీది రంగు తడిమి చూసుకున్నాడు. ఇన్నేళ్ల యుద్ధాల్లో తనను ఇలా నడిపించినవాడు లేడు.

మర్నాడు గొర్రెలు గుట్ట ఎక్కుతుంటే సేనాని తానే వచ్చాడు. అలవాటు కొద్దీ ముందు నడవబోయి, ఆగి, మంద వెనక్కి వెళ్లి బీరన్న పక్కన నిలబడ్డాడు.