రాజు తలలో చిల్లు

నైలు నది ఒడ్డున, ఫరో కోట వెనక, గోధుమ గాదెల నీడలో జంతువులన్నీ పంచాయితీకి కూర్చున్నాయి. పడుచు రాజు పోయి ఇరవై రోజులైంది. ఎలా పోయాడో కోట బయట ఎవరికీ అంతు చిక్కలేదు. నక్కకి మాత్రం ఇట్టే చిక్కేసింది!

"గాడిదే చంపింది," అంది నక్క. "రాజుగారి తల వెనక చిల్లుంది. కళ్లారా చూశాను. ఇది తన్నిన తాపు కాక మరేమిటి?"

వేటలో రథం విరిగి పడిన రాజును ఎడారి దాటించి మోసుకొచ్చింది గాడిదే. దారిలో తన నాలుక పిడచకట్టుకుపోతే, అంత నొప్పిలోనూ రాజు తన తోలు తిత్తిలోని నీళ్లు దోసిట్లో పోసి తాగించాడు. అలాంటి మహానుభావుణ్ణి తంతుందా? చెబుదామన్నా ఎడారిలో చూసిన సాక్షి ఒక్కరూ లేరు.

పెద్దరికం చేస్తున్న ముసలి ఎద్దు నిట్టూర్చింది. "కాదనేవాళ్లు లేకపోతే దీన్ని మొసళ్ల రేవుకి పంపాల్సిందే."

రాజు మంచం మీద పెరిగిన పిల్లి తాపీగా ఒళ్లు విరుచుకుంది. "నక్క బావా, నీ చూపు మహా చురుకు. ఆ చిల్లు ఎలా ఉందో కాస్త చెబుదూ!"

పొగిడితే నక్కకి ఒళ్లు తెలీదు. "గుండ్రంగా, చక్కగా ఉంది. లోపలంతా గుగ్గిలం. అబ్బ, ఏం వాసనో!"

"గాడిద తంతే గుగ్గిలం వస్తుందా బావా? శవం చెడకుండా చూసే పనివాళ్లు తలకి చిల్లు పెట్టి, కాచిన గుగ్గిలం పోస్తారు. ప్రాణం పోయేదాకా నేను ఆయన తలగడ మీదే ఉన్నాను. తల మీద గీత కూడా లేదు. రథం మీంచి పడ్డప్పటి మోకాలి గాయం చీము పట్టి, జ్వరంతో పోయాడు పాపం. అవునూ, ఆ పనివాళ్ల గుడారంలోకి నువ్వెందుకు దూరావు?"

నక్క మెల్లగా వెనక్కి అడుగు వేసింది. అది దూరింది రాజుకి పెట్టిన నైవేద్యం బాతుల కోసం. తను కోటలో బాతుల గూటికి వెళ్లినప్పుడల్లా ఓండ్రపెట్టి ఊరంతా లేపేది ఈ గాడిదే కదా, అందుకే ఆ పగ!

"మొసళ్ల రేవుకి దారి తెలుసుగా?" అంది ఎద్దు. నక్క తోక ముడిచి ఎడారిలోకి ఒకటే పరుగు.

గాడిద కళ్లనిండా నీళ్లు. "అక్కా, నీ మేలు ఈ జన్మలో మరవను."

"పిచ్చి తమ్ముడూ! నువ్వు ఇంటికి చేర్చబట్టే ఆ చివరి మూడు రోజులూ ఆయన చెయ్యి నా వీపు మీదుంది. దండం పెట్టాల్సింది నేను," అంది పిల్లి.

నీతి: ఎదుటివాణ్ణి ఇరికించాలని చెప్పిన సాక్ష్యం ముందు మన గుట్టే బయటపెడుతుంది.