కాళ్ళెక్కడున్నాయో తెలియని దోమ

గవర్రాజు ఇంట్లో తెలివి పొంగి పొర్లేది. "చెప్పిన మాటలో ముక్క పోనివ్వం" అని అతనూ, భార్య పైడితల్లీ, తమ్ముడు సన్యాసీ ఊరంతా చెప్పుకు తిరిగేవాళ్ళు. అంత తెలివైనవాళ్ళ వరిచేనుకి, మొదళ్ళలో రసం పీల్చే సుడిదోమ పట్టింది. ఏడాది తిండి ఆ రెండెకరాలే.

వ్యవసాయాధికారిణి వచ్చి దుబ్బు తట్టింది. దోమలు చటుక్కున ఎగిరాయి.

"చూశారా? వీటి ఒంటి మీద సన్నటి వెంట్రుకలుంటాయి. గాలి తగిలి వెంట్రుక వంగితే, దాని మొదట్లో కంటికి కనపడని తలుపు తెరుచుకుంటుంది. ఉప్పు కణాలు లోపలికి పోతాయి. అంతే, మెదడుకి కబురందుతుంది. కాళ్ళ కీళ్ళలోనూ అలాంటి తలుపులే. ఈ మందు కొడితే ఆ కీళ్ళ తలుపులు మూసుకోవు. దోమకి తన కాళ్ళెక్కడున్నాయో తెలియదు. తిండి మాని చస్తుంది. ఈరోజే కొట్టండి" అని సీసా ఇచ్చి వెళ్ళింది.

"అంతా ఉప్పు వల్లే వచ్చింది!" అన్నాడు గవర్రాజు. ఇంకేముంది, ఇంట్లో ఉప్పు మానేశారు.

"ఈ చప్పటి గంజి ఎన్నాళ్ళయ్యా?" అంది పైడితల్లి.

"దోమ చచ్చేదాకా, వదినా. చెమటలోనూ ఉప్పుంది. చేలో దిగకు" అన్నాడు సన్యాసి. అంతే, కలుపు తీయడమూ మానేశారు.

దోమ రెట్టింపయింది.

"గాలి సంగతి మర్చిపోయాం!" అని సన్యాసి చీరలు, దుప్పట్లు, పక్కింటివాళ్ళు ఆరేసిన పంచెలు కూడా లాక్కొచ్చి చేను చుట్టూ కట్టాడు. లోపల ఒకటే ఉక్క. దోమకి కావలసింది అదే. వారం తిరిగేసరికి చేను మధ్య గుండ్రంగా ఎండిపోయింది.

పైడితల్లి సీసా తెచ్చి మొగుడి చేతిలో పెట్టింది. "పిల్లలకి ఏం పెడతాం? ఆ మందు కొట్టండయ్యా!"

"తెలివైనవాడు ముందు పరీక్ష చేస్తాడే" అని గవర్రాజు ఒక దోమని గోటి మీద పెట్టుకున్నాడు. "ఏమే, నీ కాళ్ళెక్కడున్నాయి?"

దోమ పలకలేదు.

"గట్టిగా అడుగు అన్నయ్యా, చెవుడేమో."

"నీ కాళ్ళెక్కడే!"

ఊహూఁ.

"తెలిస్తే చెప్పదా? దీనికి తెలియదు! మందు కొట్టకుండానే పని చేసింది!" అంతే, మూతయినా తీయకుండా సీసా తిరిగిచ్చేశారు.

నాలుగోనాటికి రెండెకరాలూ ఎండుగడ్డి. పీల్చడానికి రసం లేక దోమ గుంపుగా లేచి, పక్కనున్న బంగారయ్య చేను మీద పడింది. అతను తలగుడ్డ విసురుతూ లబోదిబోమన్నాడు.

గవర్రాజు గట్టెక్కి చెయ్యెత్తి ధైర్యం చెప్పాడు: "కంగారు పడకు మావా! వాటి కాళ్ళెక్కడున్నాయో వాటికే తెలియదు. నీ చేలోకి రాలేవు!"