గుర్రం పెట్టిన దండం

ఒకానొక రాజ్యంలో భైరవ భూపతి అనే రాజుకు పాత సామాను పిచ్చి పట్టుకుంది. పిచ్చి కుదిరింది తలకు రోకలి చుట్టమన్నాడట వెనకటికొకడు. అలాంటి పిచ్చే ఇది. గురువారం సంతలో తుక్కు కొనడం, దాన్ని తన ముత్తాతగారిదని కొలువులో చెప్పుకోవడం. చిల్లు పడిన గంగాళం ముత్తాతగారి స్నానపాత్ర అయింది. కాలు విరిగిన పీట సింహాసనం అయింది. కొలువంతా ఔనంటూ తలూపింది.

ఆ కొలువులో బొప్పన్న అని ఒక విదూషకుడు ఉండేవాడు. డెబ్బై ఏళ్ళవాడు. నలభై ఏళ్ళుగా రాజును నవ్వించడం, రాజు చేసిన తెలివితక్కువ పనులను ఆయన మనసు నొప్పించకుండా సర్దడం అతని ఉద్యోగం. అతనికి విసుగొచ్చేసింది. ఉద్యోగం నుంచి సెలవిప్పించమని మూడేళ్ళుగా అడుగుతున్నాడు. రాజుగారు అదీ చమత్కారమే అనుకుని నవ్వుతున్నారు.

ఒక గురువారం సంత నుంచి జానెడు ఇనుప పనిముట్టు ఒకటి వచ్చింది. పలచని కత్తి, కొన లోపలికి వంకీ తిరిగి ఉంది. కర్ర పిడి ఎవరి చేతిలోనో ఏళ్ళ తరబడి అరిగి నున్నబడింది. ఇదేమిటని రాజుగారు అడిగారు. ఆస్థాన పండితుడు ఘటికాశాస్త్రి దాన్ని తిరగేసి పట్టుకుని, ముత్తాతగారు యుద్ధంలో శత్రువుల చెవులు కోసిన ఆయుధం ఇదేనని చెప్పాడు. వంకీలో చెవి సరిగ్గా పడుతుందని తన చెవి పెట్టి చూపించాడు కూడా. అతనికి శాలువా దక్కింది.

రాజుగారు ఆ ఆయుధాన్ని పట్టుతాడుతో నడుముకు కట్టుకున్నారు. అది మోకాళ్ళ దాకా వేలాడేది. ఆ రోజు నుంచి ఒక వింత మొదలైంది. రాజుగారు ఎక్కబోయినప్పుడల్లా పట్టపు గుర్రం ముందుకాలు పైకెత్తేది. ముత్తాతగారి ఆయుధానికి గుర్రం దండం పెడుతోందని శాస్త్రి పద్యం చెప్పాడు.

ఇంతవరకూ ఎవరికీ నష్టం లేదు. కానీ రాజుగారికి మరో ఆలోచన వచ్చింది. ముత్తాతగారి ఆయుధం సంతకెలా చేరింది? ఎవరో దొంగిలించి ఉండాలి. దాన్ని అమ్మిన కనకవ్వ అనే ఆమెను పట్టుకొచ్చి చెరలో వేశారు. పున్నమి నాడు ఇల్లు కూల్చి, ఊరి పొలిమేర దాటించాలని తీర్పు. ఆమె చెప్పుకోబోతే వినేవాడు లేడు.

పున్నమికి రెండు రోజులుందనగా బొప్పన్న చెరసాలకు వెళ్ళాడు. మోకాళ్ళు పట్టుకుని ఆమె ఎదురుగా కూలబడి, అదేమిటో నిజం చెప్పమన్నాడు.

"మా ఇంటాయన పనిముట్టు, దొరా. గుర్రాలకు లాడాలు కొట్టేటోడు. డెక్కలు చెక్కే కత్తి అది. రాజుగారి గుర్రానికీ ఆయనే కొట్టేటోడు. పోయిన వానాకాలంలో కాలం చేసిండు. ఇంట్ల గింజల్లేక అమ్ముకున్న."

"మరి లాయంలో వాళ్ళకు తెలియదా?"

"తెలవకేం? చెప్తే వాళ్ళ చెవులు ఉంటయా?"

కత్తి వీపుతో మోకాలి కింద రెండుసార్లు తడితే గుర్రం తనంతట తానే కాలెత్తి ఇస్తుందనీ, తన భర్త అలాగే అలవాటు చేశాడనీ, ఇరవై ఏళ్ళు పక్కనుండి గుర్రాల కాళ్ళు పట్టుకున్నది తానేననీ కనకవ్వ చెప్పింది. గుర్రం దండం సంగతి బొప్పన్నకు అర్థమైంది: రాజుగారి నడుము నుంచి వేలాడే కత్తి కాలికి తగిలినప్పుడల్లా అది డెక్క అందిస్తోంది. నవ్వు రావలసిన చోట ఏడుపొచ్చింది.

మర్నాడు కొలువులో అతను రాజును కాదనలేదు. గుర్రం ఒక్క కాలితో దండం పెట్టడం ముత్తాతగారికి చిన్నతనమనీ, సెలవిస్తే జనం ముందు నాలుగు కాళ్ళతోనూ పెట్టిస్తాననీ అన్నాడు. రాజుగారు పొంగిపోయారు.

గుర్రాన్ని కోట ముంగిట్లోకి తెచ్చారు. అది కొద్దిగా కుంటుతూ వచ్చింది. బొప్పన్న ఆయుధం అడిగి తీసుకుని కుడి ముందుకాలి మీద రెండుసార్లు తట్టాడు. కాలు లేచింది. ఎడమకాలు లేచింది. వెనకకాలు ఒకటి లేచింది. శాస్త్రి కాలికొక పద్యం చెప్పాడు. నాలుగో కాలు లేచాక బొప్పన్న దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఆగాడు.

"శాస్త్రిగారూ, చెవులు కోసే కత్తిని చూస్తే ఏ జంతువైనా చెవులు దాచుకుంటుంది. ఇది కాలు ఇస్తోందేమిటండీ?"

శాస్త్రి శాలువా సర్దుకున్నాడు. బొప్పన్న వంకీ కొనను డెక్క సందులో పెట్టి ఒక్కసారి గీరాడు. చింతగింజంత రాయి ఊడి రాజుగారి చెప్పుల ముందు పడింది. నెలనాళ్ళుగా కుంటుతున్న గుర్రం ఆ కాలు నేలకానించి గట్టిగా నిట్టూర్చింది.

ఇది దాని డెక్కలు చెక్కిన కనకవ్వ భర్త కత్తి అని బొప్పన్న చెప్పాడు. రాజుగారి ముఖం ఎర్రబడింది.

"అంటే నా కొలువుకన్నా, నాకన్నా, ఈ గుర్రం నయమంటావా?"

"కొలువుకన్నా నయమే ప్రభూ. తమ మాట వేరు. అంత పెద్ద సంతలో ఇది విలువైనదని పట్టుకున్నది తమరు. ఎందుకు విలువైనదో చెప్పింది గుర్రం. ఇద్దరిలో ఎవరి మాట పొల్లుపోయినా, పాపం, ఆ రాయి ఇంకా అక్కడే ఉండేది."

రాజుగారు కాసేపు రాయిని చూశారు, కాసేపు శాస్త్రిని చూశారు. తరవాత బొజ్జ కదిలేలా నవ్వారు. కనకవ్వను విడిపించి కత్తి ఆమె చేతికిమ్మన్నారు. శాస్త్రి భుజం మీది శాలువా బొప్పన్న మీదికి మారింది. ఇంకేం కావాలో కోరుకోమన్నారు.

మూడేళ్ళుగా నోట్లో నానుతున్న మాట బొప్పన్న నాలుక చివరికి వచ్చింది. అంతలో కనకవ్వ కత్తిని కొంగుతో తుడుస్తూ కనిపించింది. ఇంక దీన్ని అమ్ముకోకమ్మా అన్నాడతను.

"అమ్మకపోతే తినేదేంది, దొరా?"

బొప్పన్న తన కోరికను మింగేశాడు. లాయంలో లాడాలు కొట్టే పని కనకవ్వకు ఇప్పించమన్నాడు. ఆడమనిషికా అన్నారు రాజుగారు. ఆ సంగతి గుర్రం అడగదు ప్రభూ అన్నాడు బొప్పన్న. రాజుగారు మళ్ళీ నవ్వి, సరేనన్నారు.

పై గురువారం రాజుగారు సంత నుంచి ఇంకో వింత ఇనుపముక్క తెచ్చారు. శాస్త్రి గొంతు సవరించుకున్నాడు. రాజుగారు చెయ్యెత్తి అతన్ని ఆపి, ముందు కనకవ్వను పిలవమన్నారు.

ఆ కబురు తెలిసిన బొప్పన్న, నలభై ఏళ్ళలో మొదటిసారి, మర్నాడు కొలువుకు పోకుండా ఇంట్లో హాయిగా పడుకున్నాడు.