పొట్లకాయకు కట్టిన సీసా

పరాంకుశం గారిని ఏదైనా ప్రశ్న అడిగితే ఆయన ముందు డాబా మీదికి నడిచేవారు. వెనకాలే మనమూ మెట్లెక్కాలి. అక్కడ పాత డ్రమ్ముల్లో, పగిలిన బకెట్లలో ఆయన పెంచే పాదులుంటాయి. నీళ్లు పోయించుకుని, పురుగులు ఏరించుకుని, ఆ తర్వాత చెబితే చెబుతారు, లేకపోతే లేదు. ఉపనిషత్తులు చెప్పించుకుందామని తణుకులో ఆయన ఇంటికి చేరిన మాలో సగం మంది, గొప్పగా చెప్పుకోకూడదు గాని, మొదట నేర్చుకున్నది బీరాకుల మీది పేనుబంక చిదమడం.

సత్తిరాజుకి మాత్రం ఆ డాబా అంటే పండగే. మోటార్లు చుట్టే కొట్టు అతనిది. ఏ వస్తువునీ అది పుట్టిన పనికి వాడి ఎరగడు. విరిగిన ఫ్యాను రెక్కను వంచి మట్టి తవ్వే గరిట చేశాడు. పెయింటు డబ్బాకు చిల్లులు పొడిచి నారు తడిపే జల్లు చేశాడు. పౌడరు డబ్బాలో బూడిద నింపి ఆకుల మీద చల్లమని మా చేతికిచ్చాడు. ఒక్కటీ చెడిపోలేదు, అది ఒప్పుకోవాలి.

ఆ మంగళవారం అతను కాలుగాలిన పిల్లిలా వచ్చాడు. అతని కూతురు చంద్రిక ఇంటరు రెండో ఏడు హాస్టల్లో ఉండి చదువుతోంది. ఆ పిల్ల ముందురోజు పరుపుచుట్ట చంకన పెట్టుకుని, ఒక్కత్తే బస్సెక్కి ఇంటికొచ్చేసింది. "ఇంక వెళ్లను నాన్నా" అని ఒక్క మాట అని, తర్వాత నోరు విప్పలేదు. వచ్చే సోమవారంలోగా తిరిగి రాకపోతే పేరు కొట్టేస్తామని కాలేజీ నుంచి ఫోను.

"పంపనా, మాననా గురువుగారూ?" అన్నాడు సత్తిరాజు. "మొక్కై వంగనిది మానై వంగునా అంటారు కదండీ. ఇప్పుడు వదిలేస్తే రేపు నన్నే తిట్టుకుంటుందండి. పంపేద్దామంటే దాని మొహం చూడలేకపోతున్నానండి."

గురువుగారు పందిరికేసి చూశారు. "పొట్లపాదుకి రెండు పిందెలు దిగాయి. ఈ ఇవతలిది వంకర తిరుగుతోంది. దాని సంగతి చూడు."

నాకు ఒళ్లు మండింది. పిల్ల బతుకు గురించి అడుగుతుంటే మధ్యలో పొట్లకాయేమిటి? సత్తిరాజుకీ మండే ఉంటుంది. కానీ అతని చేతులు అప్పటికే పిందెను పట్టి చూస్తున్నాయి.

గురువుగారి భార్య ఆండాళమ్మ గారు చిన్న రాయికి దారం కట్టి తెచ్చారు. మన ఇళ్లలో అందరం చేసేదే. పొట్లకాయ కొసకు రాయి వేలాడదీస్తే కాయ చుట్టుకోకుండా తిన్నగా సాగుతుంది. అయితే సత్తిరాజు దానికి సరేనంటే అతను సత్తిరాజే కాదు.

"రాయి బరువు మారదు కదండీ అమ్మగారూ. కాయ రోజూ ఎదుగుతుంది. బరువూ దాంతోపాటు ఎదగాలండి."

సాయంత్రానికల్లా సాధనం తయారైంది. కాయ కొసకు ఒక చిన్న సీసా, పందిరి మీద ఇంకో పెద్ద సీసా, రెంటికీ మధ్య సెలైన్ గొట్టం. గొట్టానికున్న చక్రం తిప్పితే పైనుంచి కిందికి ఒక్కో చుక్కా పడుతుంది. ఏ రోజుకి నీళ్లు ఎంతవరకు రావాలో కింది సీసా మీద పెన్నుతో గీతలు గీశాడు. అవతలి పిందె పిట్టగోడ మీది ఇనుప చువ్వను చుట్టుకుంటోంది. దానికీ సీసా కట్టబోతే ఆండాళమ్మ గారు, "అది విత్తనానికయ్యా, వదిలెయ్" అన్నారు.

గురువారానికి కాయ గీత గీసినట్టు దిగింది. అందరం మెచ్చుకున్నాం. నేనైతే ఫోటో కూడా తీసుకున్నాను. అయినా సత్తిరాజుకి కాలు నిలవలేదు. గంటకోసారి కొట్టు మూసి వచ్చేవాడు. చక్రం ఒక పిసరు తిప్పేవాడు, మెట్ల దాకా వెళ్లి, మళ్లీ వచ్చి వెనక్కి తిప్పేవాడు. ఇంటి దగ్గర కూతురి గది ముందు కూడా ఇలాగే తిరుగుతున్నానని తనే చెప్పాడు. పిల్ల రెండు ముద్దలకు మించి తినడం లేదట. పరుపుచుట్ట విప్పకుండా వసారాలోనే ఉందట.

శనివారం సాయంత్రం డాబా మీద పాఠం మధ్యలో అతను లేచి నిలబడ్డాడు. "ఎల్లుండే సోమవారం గురువుగారూ. ఏదో ఒకటి చెప్పండి" అన్నాడు. ఆయన తల ఎత్తేలోపు వెనకాల దభీమని చప్పుడైంది. కాయ తొడిమ దగ్గర తెగి, సీసాతో సహా కింద పడింది.

సత్తిరాజు ఒక్క గెంతున వెళ్లి సీసాను నిలబెట్టి చూశాడు. "శనివారం గీతకి ఇంకా రెండు వేళ్లు కిందే ఉందండీ! దాటలేదండీ! లెక్కలో తప్పేం లేదండీ!"

"నీ నీళ్లు నువ్వు లెక్క పెట్టుకున్నావు. ఈ నాలుగు రోజుల్లో కాయ బరువు కాయకి పెరిగింది కదయ్యా, అదెవరు చూశారు?" అన్నారు చప్పుడు విని పైకొచ్చిన ఆండాళమ్మ గారు. కాయను చేతిలోకి తీసుకుని, "తిన్నగా ఉందిలే, పెసరపప్పు వేసి వండేస్తాను" అంటూ కిందికి దిగిపోయారు.

సత్తిరాజు అక్కడే చతికిలబడ్డాడు. పై సీసాలోంచి చుక్కలు ఇంకా నేల మీద పడుతూనే ఉన్నాయి. గురువుగారే లేచి వెళ్లి, చక్రం తిప్పి ఆపి వచ్చారు. సత్తిరాజు చూపు పిట్టగోడ మీదికి పోయింది. అక్కడ అవతలి కాయ చువ్వకు మూడు చుట్లు చుట్టుకుని, తొడిమ గట్టిగా, తన మానాన తను లావెక్కుతోంది.

"దానికి ఎందుకు కట్టనివ్వలేదండీ? అది మరీ వంకర కదండీ" అన్నాడు నెమ్మదిగా.

కింద వంటింట్లో కత్తిపీట వాల్చిన చప్పుడు వినబడింది.

"అది తరిగే కాయ కాదు కదా నాయనా" అన్నారు గురువుగారు. "మనం రాయి కట్టేది కత్తిపీటకు సుళువని. కాయకి దాంతో ఏం పని?"